పొగ మానిన పిదప ఊపిరి

పొగ త్రాగుట మానుడని చెప్పువారు మన దేశమున కొదువలేదు. వైద్యులు చెప్పుదురు, ఇంటి పెద్దలు చెప్పుదురు, సిగరెట్టు పెట్టెపై అచ్చొత్తిన బొమ్మయు చెప్పును. కాని మానిన మరునాటి ఉదయము మొదలు ఏమి జరుగునో, దానిని ఎట్లు దాటవలెనో చెప్పువారు మిక్కిలి తక్కువ. ఇరువది ఏండ్లు చుట్టయో, బీడీయో, సిగరెట్టో కాల్చిన మనిషి ఒకనాడు గట్టిగా సంకల్పించి మానివేయును. ఇక దేహము తేలికపడునని ఎదురుచూచును. అందుకు మారుగా దగ్గు వచ్చును, రొమ్ము బిగిసినట్లుండును, ఊపిరి నిండుగా అందనట్లు తోచును, నిద్ర పట్టదు, కారణము లేకయే కోపము వచ్చును. "త్రాగినన్నాళ్ళు బాగుగానే ఉంటిని, మానినందువలననే ఈ జబ్బు పట్టుకొన్నది" అని అతడు అనుకొనును. "అలవాటుపడిన శరీరము, ఒక్కసారిగా మానరాదు" అని ఎవరో ఒకరు వంత పాడుదురు. దానితో అగ్గిపెట్టె మరల చేతికి వచ్చును.

ఇట్లు వెనుకకు మరలినవారిలో పలువురు సంకల్పబలము లేనివారు కారు. దేహము చెప్పుచున్న మాటను వారు తారుమారుగా అర్థము చేసికొన్నారు, అంతే. పొగ మానిన పిదప కనిపించు లక్షణములలో అధికభాగము బాగుపడుటలోని భాగమే. ప్రతి లక్షణమునకు ఒక కారణమున్నది, ఇంచుమించుగా ఒక గడువున్నది. ఆ గడువును ఎరిగి ఓర్చుకొనుట ఒక పని. గడువు దాటియు పోని లక్షణమును వైద్యునికి చూపుట రెండవ పని. మొదటిది తెలియనివారు మరల పొగ ముట్టింతురు. రెండవది తెలియనివారు లోపలనున్న జబ్బును "పొగ మానినందువలన వచ్చినదే" యని ఉపేక్షింతురు. ఈ రెండు పొరపాట్లును ప్రమాదకరములే.

ముందుగా దగ్గు సంగతి చూతము. మనము పీల్చు గాలి గొంతునుండి శ్వాసనాళములలోనికి పోయి, అచ్చట కొమ్మలు రెమ్మలుగా చీలి, చివరకు ఊపిరితిత్తులలోని కోట్లకొలది గాలిగదులను చేరును. ఈ నాళముల లోపలి గోడలపై పలుచని శ్లేష్మపు పొర యుండును. దాని క్రింద కంటికి కనరాని సూక్ష్మరోమములు బారులు తీరి యుండును. వీనిని శైలికలందురు. పైరగాలికి వరిచేను ఊగినట్లు ఇవి ఎడతెగక ఊగుచు, గాలితోపాటు వచ్చిన దుమ్మును, సూక్ష్మజీవులను శ్లేష్మముతో సహా పైకి, గొంతువైపునకు నెట్టుచుండును. ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులు శుభ్రముగా నుండుట ఈ రోమముల చలువయే.

పొగాకు పొగ ఈ రోమములను మొద్దుబార్చును. ఏండ్ల తరబడి పొగ తగిలినచో అవి పొట్టివై, పలుచబడి, అక్కడక్కడ పూర్తిగా నశించును. మరొక వంక పొగ తాకిడికి శ్లేష్మగ్రంథులు ఉబ్బి, కావలసినదానికంటె ఎక్కువ శ్లేష్మమును ఊరించును. ఊరుట హెచ్చినది, ఊడ్చుట తగ్గినది. ఇక ఆ కఫము లోపలనే నిలువయగును.

పొగ మానగానే శైలికలు మెల్లగా మేలుకొనుట ప్రారంభించును. కొన్ని వారములలో వాని పని కుదుటబడును. అప్పుడు నిలువయున్న కఫము కదలి పైకి వచ్చును. అందుచేత కొందరికి మొదటి వారములలో దగ్గు తగ్గుటకు బదులు హెచ్చును. గోధుమవన్నె చారలతో కఫము పడుటయు కలదు. మన డెల్టా కాలువల సంగతి అందరికిని తెలిసినదే. వేసవిలో కాలువ కట్టివేసి పూడిక తీసిన పిదప నీరు వదలినచో, మొదట వచ్చునది బురదనీరే. ఆ బురదను చూచి కాలువ చెడినదని రైతు అనుకొనడు. కాలువ పారుచున్నదని సంతోషించును. ఈ దగ్గును కూడ అట్లే చూడవలెను.

తెల్లవారగానే ఒక చుట్ట కాల్చినగాని కఫము తెగదని పల్లెలలో ఒక నమ్మకమున్నది. దీనిలోని కిటుకు తెలిసికొనదగినది. రాత్రి ఏడెనిమిది గంటలు పొగ తగలకపోవుటచే శైలికలు కొంత తెప్పరిల్లి, ఉదయమున పని మొదలుపెట్టును. అందువలననే పొగ త్రాగువారికి లేవగానే దగ్గు వచ్చును. మొదటి చుట్టతో ఆ దగ్గు సద్దుమణిగినట్లుండుటకు కారణము కఫము పోవుట కాదు. పనిచేయబోయిన రోమములు మరల మత్తులో పడుట. దొంగను చూచి అరచు కుక్కకు మత్తుమందు పెట్టి, ఇల్లు ప్రశాంతముగా నున్నదని మురియుట వంటిదే ఇది.

ఈ దగ్గుకు ఏమి చేయవలెను? గోరువెచ్చని నీరు, పలుచని మజ్జిగ, జావ మొదలైనవి దినమంతయు కొద్ది కొద్దిగా త్రాగినచో కఫము పలుచబడి సులువుగా కదలును. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉండి, నీటికి పరిమితి విధింపబడినవారు మాత్రము తమ వైద్యుని మాటను మీరరాదు. కఫము అడ్డుపడినట్లున్నప్పుడు పొడిగా, బలముగా దగ్గి గొంతు గీరుకొనుట వలన ప్రయోజనము లేదు. నిటారుగా కూర్చుండి, మెల్లగా ఊపిరి పీల్చి, అద్దముపై ఆవిరి పట్టించునప్పటివలె నోరు తెరచి "హా" యని రెండుమూడు మారులు ఊదవలెను. కఫము పైకి జరిగిన పిదప ఒక్క దగ్గుతో వచ్చివేయును. దగ్గును అణచు మందులను సొంతముగా కొని త్రాగుట మంచిది కాదు. వెలికి రావలసినదానిని లోపల ఆపుట వలన ఏమి లాభము? సాధారణముగా ఈ దగ్గు వారములు గడచినకొలది తగ్గుచు వచ్చును. మొదటి సంవత్సరము ముగియులోపల పలువురికి దగ్గును ఆయాసమును బాగుగా తగ్గును.

ఇక ఊపిరి అందనట్లు తోచు బాధ. ఇది వినుటకు దగ్గు వంటిదే గాని, కారణము వేరు. పొగ మానిన పండ్రెండు గంటలలోనే రక్తములో ఒక పెద్ద మేలు జరుగును. పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. అది రక్తములోని హెమోగ్లోబినును పట్టుకొని, ప్రాణవాయువు కూర్చుండవలసిన చోటును ఆక్రమించును. పొగ ఆగగానే ఈ వాయువు క్రమముగా వెడలిపోయి, ఒక దినములోపలనే సామాన్యస్థాయికి దిగును. అనగా రెండవనాటికే రక్తము మునుపటికంటె ఎక్కువ ప్రాణవాయువును మోయుచుండును. అయినను సరిగా ఆ రెండవనాడు, మూడవనాడే చాలమంది "ఊపిరాడుట లేదు" అందురు. ఇది విచిత్రముగా తోచును. దీనికి కారణము ఊపిరితిత్తులలో కాదు, మెదడులో నున్నది.

పొగాకులోని నికొటిన్, పీల్చిన కొద్ది సెకండ్లలోనే మెదడును చేరును. అచ్చట దానిని అందుకొను గ్రాహకములు కలవు. ఏండ్ల తరబడి నికొటిన్ అందుచున్నచో ఆ గ్రాహకముల సంఖ్య పెరుగును. రక్తములో నికొటిన్ రెండు గంటలకు ఒకమారు ఇంచుమించు సగమగును. సరఫరా నిలిచిన కొన్ని గంటలకే ఆకలిగొన్న గ్రాహకములు అలజడి చేయును. చిరాకు, ఆందోళన, నిలుకడలేమి, మనసు ఒకచోట నిలువకపోవుట, దిగులు, నిద్రలేమి, తలనొప్పి అను బాధలు ఈ అలజడి రూపములే. ఇవి మొదటి దినముననే తలయెత్తి, రెండవ మూడవ దినములలో ఉచ్ఛస్థితి నంది, రెండు మొదలు నాలుగు వారములలో క్రమముగా చల్లారును. పెరిగిన గ్రాహకములు కూడ కొన్ని వారములలో తగ్గి మామూలు లెక్కకు వచ్చును. మూడవనాటి బాధను చూచి, జీవితమంతయు ఇట్లే యుండునని భయపడరాదు. అది కొండ శిఖరము. అక్కడినుండి దారి దిగుడే.

ఆందోళన కలిగినప్పుడు మనిషి తనకు తెలియకయే పై పైన, త్వర త్వరగా ఊపిరి పీల్చును. రొమ్ము కండరములు బిగిసికొనును. మాటి మాటికి నిట్టూర్పు వచ్చును. వ్రేళ్ళ కొసలు, పెదవుల చుట్టును తిమ్మిరెక్కును. ఎంత పీల్చినను చాలనట్లుండును. పైగా, పొగ త్రాగు మనిషి దినమునకు ఎన్నియో మారులు పని ఆపి, ఆరుబయటికి పోయి, నిండుగా పీల్చి నిదానముగా విడుచువాడు. పొగతోపాటు ఆ విరామమును, ఆ దీర్ఘశ్వాసను కూడ అతడు పోగొట్టుకొన్నాడు. విషమును విడిచి, విరామమును మాత్రము తిరిగి తెచ్చుకొనుటయే దీనికి మందు.

దానికి మార్గమిది. భుజములు వదులు చేసి కూర్చుండవలెను. ఒక చేతిని పొట్టపై నుంచుకొనవలెను. ముక్కుతో మెల్లగా, రెండు అంకెలు లెక్కించునంతసేపు, పొట్ట ఉబ్బునట్లుగా గాలి పీల్చవలెను. పిదప ఈల వేయుటకు ముడిచినట్లు పెదవులు ముడిచి, నాలుగు అంకెలు లెక్కించునంతసేపు మెల్లగా విడువవలెను. బలముగా ఊదరాదు, దీపపు మంట ఆరకుండ, కదలునంత మాత్రము చాలును. పీల్చుటకంటె విడుచుట ఎక్కువ సేపుండుటయే ఇందులోని కీలకము. ఇట్లు ఐదు నిమిషములు చేసినచో ఆందోళన వలన కలిగిన బిగువు చాలవరకు సడలును. తల తిరిగినట్లున్నచో ఆపి, మామూలుగా ఊపిరి తీయవలెను. నిజముగా ఊపిరితిత్తుల జబ్బున్నవారికి కూడ వైద్యులు ఈ పద్ధతినే నేర్పుదురు. ఏలయనగా పెదవుల అడ్డు వలన సన్నని నాళములు ముడుచుకొనక, లోపల చిక్కిన గాలి వెలికి వచ్చును. ఆయాసము హెచ్చినప్పుడు వెల్లకిల పరుండక, కుర్చీలో కూర్చుండి, కొంచెము ముందునకు వంగి, మోచేతులు తొడలపై ఆనించుకొనుట మేలు.

ఆందోళనవలని ఆయాసమునకును, జబ్బువలని ఆయాసమునకును భేదము తెలియుట యెట్లు? ఆందోళనవలనిది తరచు ఊరక కూర్చున్నప్పుడు వచ్చును. మనసు వేరొక పనిలో పడినచో మరపునకు వచ్చును. నాలుగడుగులు నడచినచో తగ్గును. జబ్బువలనిది మెట్లెక్కినప్పుడు, బరువు మోసినప్పుడు హెచ్చును. పరుండినప్పుడు గాని, నడిరేయి గాని నిద్రలేపును. పిల్లికూతల వంటి శబ్దము వినబడును. ఇది గృహస్థునికి పనికివచ్చు గుర్తు మాత్రమే. గుండెజబ్బు, ఉబ్బసము ఇదివరకే యున్నవారును, నలువది దాటినవారును ఈ గుర్తునే నమ్ముకొని కూర్చుండక, ఒక్కమారు వైద్యునిచే పరీక్ష చేయించుకొనుట శ్రేయస్కరము.

పొగ కావలెనను కోరిక అలవలె వచ్చును. అల ఎంత ఎత్తుగా లేచినను కొన్ని నిమిషములలో విరిగిపోవును. ఆ కొన్ని నిమిషములు గడుపుటయే విద్య. ఒక గ్లాసు నీరు మెల్లగా త్రాగవచ్చును. రెండు లవంగములో, చిటికెడు సోంపో, ఎండు ఉసిరిక ముక్కయో నోట వేసికొనవచ్చును. వీధి చివరవరకు నడచి రావచ్చును. పైన చెప్పిన శ్వాసపద్ధతిని పదిమారులు చేయవచ్చును. ఏ వేళ, ఏ చోట, ఎవరి సరసన పొగ త్రాగు అలవాటుండెనో, ఆ వేళను ఆ చోటును మొదటి వారములలో మార్చుకొనుట మంచిది. భోజనానంతరము అరుగుమీద కూర్చుండి చుట్ట ముట్టించువారు, భోజనము కాగానే లేచి నడకకు పోవలెను.

కాఫీ విషయమున ఒక ముచ్చట చెప్పవలసియున్నది. ఇది చాలమందికి తెలియదు. పొగలోని తారుపదార్థములు కాలేయమును ఉసిగొల్పి, కాఫీలోని కెఫీనును త్వరగా ఖర్చుచేయించును. పొగ మానిన కొద్ది దినములకు కాలేయము తన సహజవేగమునకు వచ్చును. అప్పుడు మునుపు త్రాగినన్ని గ్లాసుల కాఫీయే త్రాగినను, రక్తములో కెఫీను ఇంచుమించు రెట్టింపు నిలుచును. గుండెదడ, చేతివణకు, నిద్రలేమి కలుగును. పాపము, ఆ మనిషి ఈ నెపమును కూడ పొగ మానుటపైననే వేయును. కావున పొగ మానినవారు కాఫీని, టీని సగమునకు తగ్గించుకొనవలెను. సాయంకాలము దాటిన పిదప ముట్టకుండుట మరింత మంచిది.

ఇదే కారణమున కొన్ని మందుల మోతాదును కూడ మార్చవలసి వచ్చును. ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్, మనోవ్యాధులకు వాడు క్లోజపిన్, ఓలాంజపిన్ అట్టివే. పొగ త్రాగునప్పుడు సరిపోయిన మోతాదు, మానిన పిదప ఎక్కువ కావచ్చును. మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొనువారు ఈ దినములలో చక్కెర పరీక్షను కొంచెము తరచుగా చేయించుకొనవలెను. మందులు సొంతముగా ఆపరాదు, తగ్గింపరాదు. "పొగ మానితిని" అను ఒక్క మాటను వైద్యుని చెవిన వేసినచో తక్కినది ఆయన చూచుకొనును.

చిన్న చిన్న బాధలు మరికొన్ని కలవు. నికొటిన్ ప్రేవులను కదలించును. అది లేకపోవుటచే కొంతకాలము మలబద్ధకము కలుగును. తోటకూర, గోంగూర వంటి ఆకుకూరలు, జామ, అరటి మొదలైన పండ్లు, తగినంత నీరు, దినమునకు అరగంట నడక - వీనితో అది సర్దుకొనును. నోటిలో చిన్న పొక్కులు లేచి వారము పదిదినములలో మానుట కలదు. కలలు ఎక్కువగా వచ్చును. కలలో పొగ త్రాగినట్లు కనిపించి ఉలికిపడి లేచుట పలువురి అనుభవము. అది సంకల్పభంగము కాదు. మెదడు పాత అలవాటును వదలించుకొను తీరు. మరొక వంక వంటల వాసన, పులుసు రుచి కొన్ని దినములలోనే కొత్తగా తెలియవచ్చును. ఆకలి హెచ్చును. మొదటి సంవత్సరమున నాలుగైదు కిలోల బరువు పెరుగుట సామాన్యము. పొగ వలని హానితో పోల్చినచో ఈ బరువు లెక్కలోనిది కాదు. నోరు ఊరికే ఉండలేక వేపుళ్ళు, మిఠాయిలు నమలుటకు బదులు కీరదోస ముక్కలు, జామకాయ వంటివి దగ్గర నుంచుకొనుట తెలివి.

ఇప్పుడు రెండవ పొరపాటు సంగతి. పొగ త్రాగినన్నాళ్ళు మనిషి తన దగ్గును "పొగదగ్గు" అని తేలికగా తీసికొనును. మెట్లెక్కునప్పటి ఆయాసమును వయసు మీదికి నెట్టును. మానిన పిదప దేహముపై శ్రద్ధ పెరిగి, ఇన్నాళ్ళు లోపల దాగియున్న జబ్బు కంటబడును. జబ్బు క్రొత్తగా పుట్టలేదు, క్రొత్తగా కనబడినది. వీనిలో ముఖ్యమైనది సి. ఓ. పి. డి. అను దీర్ఘకాలిక శ్వాసనాళవ్యాధి. నాళములు వాచి ఇరుకగుట, గాలిగదుల గోడలు చితికిపోవుట దీని లక్షణము. స్పైరోమెట్రీ యను పరీక్షలో గొట్టములోనికి బలముగా ఊదించి, మొదటి సెకండులో ఎంత గాలి వెలికి వచ్చినదో కొలుతురు. నొప్పిలేని, సూదిలేని పరీక్ష ఇది.

లండను నగరమున 792 మంది పురుషులను ఎనిమిదేండ్లపాటు ఇట్లు కొలిచి చూచిన ఫ్లెచర్, పీటో అను శాస్త్రజ్ఞులు తమ ఫలితములను 1977 లో ప్రకటించిరి. వయసుతోపాటు ఊపిరి శక్తి ప్రతివానికి కొంత తగ్గును. పొగకు లోబడు తత్వము గలవారిలో అది చాల వేగముగా తగ్గును. పొగ మానినవారికి పోయిన శక్తి పెద్దగా తిరిగి రాలేదు. కాని ఆనాటినుండి తగ్గుదల వేగము పొగ ఎరుగనివాని వేగమునకు దిగెను. ఇందులో ఒక కఠినసత్యమును, ఒక గొప్ప ఊరటయు కలవు. చితికిన గాలిగది మరల మొలవదు. కాని మిగిలినది మిగులును. మానిన మూడు నెలలకు "నాకు పూర్వపు ఊపిరి రాలేదే" యని నిరాశపడినవారు, మానకయున్నచో మరి పదేండ్లకు తాము ఎచ్చట నుండెడివారో ఆలోచింపవలెను. పైగా ఈ జబ్బునకు పీల్చు మందులు, వ్యాయామ చికిత్స ఉన్నవి. పొగ మానినవానికే అవి బాగుగా పనిచేయును.

మన దేశమున మరొక జాగ్రత్త అవసరము. రెండు వారములు దాటిన దగ్గు ఏదైనను క్షయ కాదని నిర్ధారించుకొనవలెను. పొగ త్రాగినవారికి క్షయ సోకు అవకాశము ఎక్కువ. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో కళ్ళె పరీక్షయు, చికిత్సయు ఉచితముగా లభించును. "ఇది పొగ మానిన దగ్గే" యని మీకు నమ్మకమున్నను, పరీక్ష చేయించుకొనుట వలన నష్టమేమియు లేదు.

ఇక ఒక్క గంటయు తడయక ఆసుపత్రికి పోవలసిన సందర్భములు ఇవి: కదలకుండ కూర్చున్నను, మాట పూర్తిచేయలేనంతటి ఆయాసము, పెదవులు, గోళ్ళు నీలివన్నెకు తిరుగుట, రొమ్మును నొక్కివేయునట్టి నొప్పి, అది ఎడమచేతికో దవడకో ప్రాకుట, చెమటలు పట్టుట, కఫములో రక్తము ఎక్కువగా పడుట, ఒక కాలు మాత్రము వాచి, హఠాత్తుగా ఆయాసము వచ్చుట. ఇట్టివానికి శ్వాసపద్ధతులు, లవంగములు మందు కావు. వెంటనే 108 కు ఫోను చేయవలెను. రక్తపు చార కొంచెమే అయినను, దానితోపాటు గొంతు బొంగురుపోవుట, జ్వరము, బరువు తగ్గుట, రెండు వారములలో మానని నోటిపుండు అనునవి కనబడినను ఆలసింపక వైద్యునికి చూపవలెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో నిప్పుకొసను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు ఆచారము స్త్రీలలో చాలకాలముగా కలదు. అట్టివారు మానిన పిదప కూడ అంగిలిని దంతవైద్యునికి చూపించుకొనుచుండవలెను. అంగిలిపై కాన్సరు పుట్టుటకు ఆ అలవాటు కారణమని మన తీరమున జరిగిన పరిశోధనలే వెల్లడించినవి.

పొగ మాని, దాని స్థానమున జర్దాకిళ్ళీ, ఖైనీ, గుట్కా అలవరచుకొనువారు కొందరు కలరు. ఇది పెనము మీదినుండి పొయ్యిలో పడుటయే. నికొటిన్ దాస్యము అట్లే నిలుచును. నోటి కాన్సరు భయము తోడగును. ఎలక్ట్రానిక్ సిగరెట్ల అమ్మకమును భారత ప్రభుత్వము 2019 లో నిషేధించినది. బాధ ఓర్వరానిదిగా ఉన్నచో ధర్మమైన సహాయము వేరే కలదు. నికొటిన్ గల నమలుడుబిళ్ళలు, చర్మముపై అంటించు పట్టీలు మందుల దుకాణములలో దొరకును. నమలుడుబిళ్ళను మిఠాయివలె నమలి మింగరాదు; కొంచెము నమలి, ఘాటు తెలియగానే బుగ్గలో అదిమి యుంచి, ఘాటు తగ్గిన పిదప మరల నమలవలెను. పొగ తారును, విషవాయువును లేకుండ నికొటిన్ కొద్దిగా అందించి, క్రమముగా తగ్గించుట వీని ఉద్దేశము. కోరికను తగ్గించు మాత్రలను కూడ వైద్యుడు వ్రాసి యీయగలడు. 2016 నుండి కేంద్రప్రభుత్వము నడుపుచున్న ఉచిత సలహా టెలిఫోను సంఖ్య 1800-11-2356. పొగాకు పెట్టెల మీదనే ఈ సంఖ్య ముద్రింపబడి యుండును. ప్రాంతీయభాషలలో కూడ అచ్చట సలహా లభించును.

చివరగా ఇంటివారికి ఒక మాట. మానిన మొదటి నెలలో ఆ మనిషి విసుగుకొనును, గట్టిగా మాట్లాడును. అది నికొటిన్ మాట యని సరిపెట్టుకొనుడు. ఆ నెల ఎట్లో గడచిపోవును. "ఈ చిరాకు పడలేము, ఒకటి కాల్చి ప్రశాంతముగా ఉండుము" అని మాత్రము ఎన్నడును అనకుడు. ఇంట మరెవరైన త్రాగువారున్నచో కనీసము ఇంటిలోపల త్రాగకుందురుగాక. కోలుకొనుచున్న శ్వాసనాళములకు ఏ పొగయైనను పొగయే. కట్టెలపొయ్యి పొగ, దోమలచుట్ట పొగ, చెత్త కాల్చిన పొగ దగ్గును పెంచును. అట్టివానికి దూరముగా గాలివాటమున్న గదిలో పడక వేయుడు. ఒకనాడు పట్టుతప్పి ఒక సిగరెట్టు కాల్చినను దెప్పకుడు. మానిపోయినవారిలో అనేకులు రెండు మూడు మారులు తప్పి, పిదప నిలదొక్కుకొన్నవారే. ఒక్కటి కాల్చినంత మాత్రమున వెనుకటి దినములు వ్యర్థము కావు. రెండవది కాల్చకుండుట ముఖ్యము.

"ఇంత వయసు వచ్చిన పిదప మానిన నేమి, మానకున్న నేమి" అనువారు కలరు. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను శాస్త్రజ్ఞులు 1951 లో బ్రిటనులోని వైద్యుల పొగ అలవాట్లను విచారించుట ప్రారంభించిరి. 34,439 మంది పురుష వైద్యులను గురించి ఏబది ఏండ్లు సాగిన ఆ పరిశీలన ఫలితములు 2004 లో వెలువడినవి. జీవితమంతయు సిగరెట్టు త్రాగినవారు సగటున పదేండ్ల ఆయువును కోల్పోయిరి. ముప్పదవ ఏట మానినవారు ఆ పదేండ్లను ఇంచుమించు పూర్తిగా దక్కించుకొనిరి. నలువదవ ఏట మానినవారికి తొమ్మిదేండ్లు, ఏబదియవ ఏట మానినవారికి ఆరేండ్లు, అరువదియవ ఏట మానినవారికి సైతము మూడేండ్లు దక్కెను.

కావున మానిన మూడవనాడు ఊపిరి బిగిసినట్లు తోచినప్పుడు, ఆ బిగువునకు గడువున్నదని గుర్తుంచుకొనుడు. పెదవులు ముడిచి మెల్లగా విడువుడు. ఒక గ్లాసు నీరు త్రాగి, నాలుగడుగులు నడువుడు. గోడమీది క్యాలెండరులో మానిన తేదీకి ఒక గుర్తు పెట్టి, రెండు వారములకు ఒకటి, నాలుగు వారములకు ఒకటి, మూడు నెలలకు ఒకటి చొప్పున మరి మూడు గుర్తులు పెట్టుడు. ఆయా తేదీలకు తగ్గవలసినవి తగ్గుచున్నచో మీ ఊపిరితిత్తులు తమ పని తాము చేసికొనుచున్నవి. తగ్గనిచో ఆ క్యాలెండరునే చూపుచు వైద్యునితో మాట్లాడుడు. ఎట్లయినను అగ్గిపెట్టె జోలికి మాత్రము పోవలసిన పని లేదు.